300 టీషర్టుల కోసం మూడు ఊళ్లు తిరిగాను

మా బ్రాండ్ చాలా చిన్నది. మొదటి ఆర్డర్ 300 టీషర్టులు, ఆరు రంగులు. ఫోన్‌లో ఇంత చెప్పగానే సగం ఫ్యాక్టరీల వాళ్లు "మళ్లీ మేమే చేస్తాం" అని పెట్టేశారు. ఇలా కాదని స్వయంగా బయల్దేరాను: తిరుప్పూర్, ఇస్తాంబుల్, పోర్చుగల్‌లోని పోర్టో.

కోయంబత్తూరు విమానాశ్రయంలో దిగి కారెక్కితే తిరుప్పూర్ 50 కిలోమీటర్ల లోపే. నిట్టింగ్ (బట్ట అల్లడం), డయింగ్ (రంగు వేయడం), ప్రింటింగ్, కుట్టు, లేబుళ్లు అన్నీ ఊళ్లోనే, కాకపోతే ఒక్కో పని ఒక్కో షెడ్డులో. నా లెక్క తప్పని తెలిసింది డయింగ్ దగ్గరే. అక్కడి మాస్టర్ చీటీ మీద రాసి చూపించాడు: 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల బరువు) బట్టయితే టీషర్టుకు పావు కిలో లోపే పడుతుంది, రంగుకు 50 అంటే పది పన్నెండు కిలోలు, అంటే బట్ట చుట్టలో సుమారు సగం. అంత కాస్త బట్టకు మెషిన్ ఎవరు నడుపుతారు? పైగా ఆ ఊరి నొయ్యల్ నది కాలుష్యం కేసులో 2011లో మద్రాస్ హైకోర్టు డయింగ్ యూనిట్లను మూయించింది. ఇప్పుడు వాడిన నీటిని బయటికి వదలకుండా శుద్ధి చేసి మళ్లీ వాడుకోవాలి, ఆ ఖర్చూ ఒకేసారి రంగేసే బట్ట, అంటే లాట్ మీదే పడుతుంది. ఇన్నాళ్లూ మినిమమ్ ఆర్డర్ (ఇంతకన్నా తక్కువైతే చేయం అనడం) అంటే కుట్టేవాళ్ల బెట్టు అనుకున్నాను, అసలు పేచీ రంగు దగ్గర ఉందన్నమాట.

హోటల్ స్టేషన్ పక్కనే, రాత్రంతా హారన్ల మోత. కానీ బాత్రూంలో బకెట్ ఉంది, నాకు కావలసింది అదే. ఒక ఫ్యాక్టరీలో "ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ" అని ఇచ్చిన సాంపిల్‌ను ఉతికి ఆరేశాను. పొద్దున్నే చూస్తే పక్క కుట్టు మెలితిరిగి ముందుకొచ్చేసింది, టేపు పెడితే పొడవు మూడు సెంటీమీటర్లు తగ్గింది. వాళ్ల పేరు కొట్టేశాను.

ఇస్తాంబుల్‌లో బట్టల వ్యాపారం జరిగే మెర్తెర్ వైపు తిరిగాను. రంగు వేసి ఉంచిన బట్ట చుట్టలు దొరికాయి, మూడో రోజుకే సాంపిల్ చేతికొచ్చింది, నిజంగా ముచ్చటేసింది. అమ్మకాలు యూరప్‌లో ఉన్నవాళ్లకు టర్కీకీ యూరోపియన్ యూనియన్‌కూ మధ్య 1996 నుంచి నడుస్తున్న కస్టమ్స్ యూనియన్ (సుంకాల ఒప్పందం) కూడా కలిసొస్తుంది. అయితే కుట్టే చోటు చూపించమంటే ఒకాయన రెండు రోజులు మాట దాటేశాడు, చివరికి పని వేరేవాళ్లకు ఇస్తామని ఒప్పుకున్నాడు. 2013లో ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు, తమ బట్టలు అందులో కుడుతున్న సంగతే తెలియదన్న బ్రాండ్లున్నాయి. అందుకే కటింగ్ టేబుల్ చూడందే అడ్వాన్సు ఇవ్వకూడదని ముందే అనుకున్నాను, ఇవ్వలేదు.

పోర్టోలో బస చేయడం నా పొరపాటు. ఫ్యాక్టరీలు గిమరైష్, బార్సెలూష్ వైపున్నాయి, రోజూ రైళ్లకే టైమంతా పోయింది. చిన్న ఆర్డర్ అన్నా ఎవరూ ముఖం చిట్లించలేదు, కానీ టెక్ ప్యాక్ (కొలతలు, బట్ట, కుట్టు వివరాలన్నీ రాసిన పత్రం) లేకుండా మాట కదలలేదు. కుట్టు చక్కగా ఉంది, రేటు మాత్రం మా చేతికందేది కాదు. వెళ్లేవాళ్లు ఆగస్టులో వెళ్లకండి, చాలా ఫ్యాక్టరీలు సెలవుల్లో ఉంటాయి.

చివరికి ఆరు రంగుల్ని రెండుకి దించి, తిరుప్పూర్‌లోనే ఇంకో చిన్న యూనిట్‌కు ఇచ్చాను. ఈసారి సాంపిల్‌ను మూడుసార్లు ఉతికాను. పక్క కుట్టు పక్కనే ఉంది.