మా వాడ బడిలో పెట్టిన ఐసోలేషన్ సెంటర్: పది రోజులు ఉండి వచ్చాక

మాది వరంగల్‌లో రెండు గదుల ఇల్లు. ఐదుగురం, ఒకటే బాత్రూం. 2021 మే నెలలో నాకు కరోనా పాజిటివ్ వచ్చినప్పుడు "ఇంట్లోనే విడిగా ఉండమ్మా" అన్నారు. ఎక్కడ ఉండాలి? అత్తమ్మకు షుగర్, ఆయాసం. అందుకే మా వాడ యూత్ వాళ్ళు బడిలో పెట్టిన ఐసోలేషన్ సెంటర్‌కు పోయాను. ఇలాంటిది ఇంకో వాడలో పెట్టాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

సెంటర్‌కు పోతానన్న మాట వినగానే అత్తమ్మ "కోరంటి దవాఖానకా?" అని ఏడ్చింది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ను పాతవాళ్ళు అట్లనే అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో కోరంటి అయింది. పోయినవాళ్ళు మళ్ళీ కనబడరని ఆమె భయం.

ఆ భయం పోగొట్టింది బడి వరండా. గ్రిల్లు లోపల మా కుర్చీలు, బయట వేపచెట్టు కింద ఆరడుగుల అవతల ఇంటివాళ్ళ కుర్చీలు. లాక్‌డౌన్ సడలింపు పొద్దున 6 నుంచి 10 దాకే కాబట్టి టిఫిన్ డబ్బాలు ఆలోపే వచ్చేవి. అత్తమ్మ రోజూ ఎనిమిదింటికల్లా మాస్కు పెట్టుకొని వచ్చి కూర్చునేది. "తిన్నవా బిడ్డా" అని అక్కడి నుంచే అడిగేది.

గదికి నాలుగు మంచాలు, మధ్యలో తాడు కట్టి వేలాడదీసిన పాత చీరలు. నేను మిషన్ కుట్టేదాన్ని, నా చూపు అటే పోయింది. చీరను రెండు మడతలు వేసి, తాడు దూరేలా పైన మూడు వేళ్ళ పట్టీ కుట్టారు. గాలికి ఎగరకుండా కింది అంచులో ఇసుక పోసిన చిన్న గుడ్డ సంచులు. ఎత్తు భుజాల దాకానే. కూర్చుంటే మరుగు ఉంటుంది, గాలి మాత్రం పైనుంచి ఈ కిటికీకీ ఆ కిటికీకీ ఆడుతుంది. ఈ జబ్బు గాలిలోనూ వ్యాపిస్తుంది కాబట్టి రాత్రి కూడా కిటికీలు మూయనీయలేదు, దోమతెరలు ఇచ్చారు. రేకుల మీద తడి గోనెసంచులు పరిచినా మధ్యాహ్నాలు ఉడికిపోయాం.

ఆశా కార్యకర్త రెండు పూటలా వేలికి ఆక్సీమీటర్ పెట్టి, వచ్చిన ఆక్సిజన్ అంకెను మా చేతే నోట్‌బుక్కులో రాయించేది. 94 కన్నా తగ్గితే వరంగల్ పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకు పంపిస్తామని మొదటి రోజే చెప్పారు. అంకె కళ్ళ ముందు ఉంటే సగం టెన్షన్ పోతుంది. మళ్ళీ అవసరం పడితే అక్కడికే పోతాను.

కానీ రిజల్ట్ రానివాళ్ళను కూడా మా గదిలోనే పడుకోబెట్టారు. ఇంటర్ చదివే ఒక పిల్ల రెండు రాత్రులు నా పక్క మంచం మీదే ఉంది. మూడో రోజు నెగెటివ్ అని మెసేజ్ వచ్చింది. లేని జబ్బు మేమే అంటించి ఉంటే? అనుమానం ఉన్నవాళ్ళకు వేరే గది, వేరే బాత్రూం చూపించలేకపోతే సెంటరే తెరవకూడదు. ఈ విషయంలో నేను రాజీపడను.

ఇంకోటి, ఆడవాళ్ళ బాత్రూం. వాకిలి దాటి పోవాలి. లైటు లేదు, తలుపుకు గడియ లేదు. రాత్రి ఒకరు లోపలికి పోతే జ్వరంతోనే ఇంకొకరు తలుపు పట్టుకొని నిలబడేవాళ్ళం. దానికి భయపడి నేను నీళ్ళు తాగడం తగ్గించాను. జ్వరంలో అస్సలు చేయకూడని పని అది. నాలుగో రోజు అత్తమ్మకు చెప్పాను. మరునాడు టిఫిన్ డబ్బాతోపాటు ఇనుప గడియ, నాలుగు స్క్రూలు కొంగున కట్టుకొని తెచ్చింది. అది బిగించేసరికి ఆరో రోజు సాయంత్రమైంది. బల్బు మాత్రం నేను వచ్చేసేదాకా పెట్టలేదు.