వాహనాలకు ఎదురుగానా, వాటి వెంటనా?

కాలిబాట లేని రోడ్డు మీద కొత్తగా పరుగు మొదలుపెట్టినవారు వాహనాలకు ఎదురుగా పరుగెత్తాలా, లేక అవి వెళ్లే దిశలోనే సాగాలా అని తరచూ సందేహిస్తారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది కనుక, దానిని ముందే చూసి రోడ్డు అంచు దిగగలగడమే ఎదురు పరుగులోని అసలైన బలం. వాహనాల వెంట పరుగెత్తేవారికి చెవులే ఆధారం. విద్యుత్ వాహనాల విషయంలో, అందులోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే, ఆ ఆధారమూ అంతంతమాత్రమే.

ఎదురు పరుగుకూ లోపాలున్నాయి. పక్క వీధి నుంచి రోడ్డెక్కే డ్రైవరు తాను కలవబోయే వాహనాలు వచ్చే వైపే ఎక్కువగా చూస్తాడు. అవతలి దిశ నుంచి వచ్చే మనిషి అతని కంట పడకపోవచ్చు కాబట్టి, చూపులు కలిసేదాకా ఆగడం మేలు. ముందున్నది కనిపించని మలుపు దగ్గర, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, కాసేపు అవతలి అంచుకు మారడం నా దృష్టిలో నియమభంగం కాదు.

వాహనాల వెంట సాగడం సైకిళ్లకు తగిన పద్ధతి, పాదచారికి కాదు. గుంపుగా పరుగెత్తేవారు వాహనం కనబడగానే ఒకరి వెనుక ఒకరుగా మారడం, చీకట్లో వెలుగును తిప్పికొట్టే పట్టీలు ధరించడం మాత్రం రెండు దిశల్లోనూ తప్పనిసరి.