మీ అకౌంట్‌కి ఫిష్, రూట్‌కి బాష్: ఉబుంటు షెల్స్ రివ్యూ

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో ఉబుంటు వాడే విద్యార్థులకూ, ల్యాబ్ సర్వర్లు చూసుకునేవాళ్లకూ ఈ రివ్యూ. సొంత అకౌంట్‌లో షెల్ (మనం టైప్ చేసే కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రామ్) నిక్షేపంగా మార్చుకోండి. సిస్టమ్ మీద పూర్తి అధికారాలుండే రూట్ అకౌంట్‌కి మాత్రం సిస్టమ్‌తో వచ్చిన బాష్‌నే ఉంచండి.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఫిష్‌ని మించింది లేదు. ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే, పాత హిస్టరీ చూసి మిగతా కమాండ్‌ని బూడిద రంగులో చూపిస్తుంది. కుడి బాణం నొక్కితే చాలు. కమాండ్ పేరు తప్పు కొడితే ఎంటర్ నొక్కకముందే ఎర్రబడుతుంది. చిక్కల్లా పోసిక్స్ (షెల్స్‌కి ఉన్న ఉమ్మడి ప్రమాణం) పద్ధతి పాటించకపోవడం. బాష్ కోసం రాసిన లూపు తెచ్చి అతికిస్తే ఎర్రరే, ఎందుకంటే ఇక్కడ డన్, ఫై ఉండవు, అన్నీ ఎండ్‌తోనే ముగుస్తాయి. హియర్‌డాక్ (స్క్రిప్టులోనే చాలా వరుసలు రాసి కమాండ్‌కి అందించే పద్ధతి) అసలే లేదు. స్క్రిప్టు మొదటి వరుసలో బాష్ పాత్ ఉండి, దాన్ని ఫైలుగా నడిపితే ఈ బాధ ఉండదు.

జెడ్‌షెల్ బాష్‌కి దగ్గర. 2019 నుంచి మ్యాక్‌లో డిఫాల్ట్ అదే. అయితే అర్రేల (విలువల జాబితాల) లెక్క బాష్‌లోలా సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి మొదలవుతుంది. పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్ ఇన్‌స్టాల్‌లో చదరపు బ్రాకెట్లున్న ప్యాకేజీ పేరు కోట్స్ లేకుండా ఇస్తే, దాన్ని ఫైళ్ల ప్యాటర్న్ అనుకుని ‘నో మ్యాచెస్ ఫౌండ్’ అని ఆగిపోతుంది. ప్లగిన్లు కుప్పపోస్తే పాత ల్యాబ్ మెషీన్లలో ప్రాంప్టు రావడమే ఆలస్యం.

ఇక రూట్. 2018 తిత్లీ లాంటి తుపానుకి కరెంటు పోయి, సర్వర్ ఫైల్‌సిస్టమ్ దెబ్బతిందనుకోండి. రిపేరు చేయాల్సింది రూట్‌గానే. సొంతంగా కంపైల్ చేసిన షెల్ వేరే పార్టిషన్‌లో ఉండి అది మౌంట్ కాకపోయినా, అప్‌గ్రేడ్‌లో దానికి కావాల్సిన లైబ్రరీ మారిపోయినా షెల్ తెరుచుకోదు. పాస్‌వర్డ్ సరైనదే అయినా, షెల్ ఫైలు లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి నెట్‌వర్క్ మీద లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికి రానివ్వదు. రూట్‌లో ఫిష్ సుఖం కావాలంటే లాగిన్ అయ్యాక ఫిష్ అని టైప్ చేయండి, పని అవగానే ఎగ్జిట్ కొట్టండి.

మార్చే ముందు ఈటీసీలోని షెల్స్ ఫైల్లో కొత్త షెల్ పాత్ ఉందో లేదో చూడండి. లేకపోతే మామూలు యూజర్‌కి షెల్ మార్చే కమాండ్ సీహెచ్‌ఎస్‌హెచ్ ఒప్పుకోదు. మార్చాక పాత సెషన్ మూయకుండా ఇంకో టెర్మినల్‌లో లాగిన్ అయి చూడండి. ప్యాకేజీ తీసేయాలనుకుంటే ముందు ఆ షెల్ వాడే అకౌంట్లన్నీ బాష్‌కి మార్చండి. సర్వీసుల కోసం మాత్రమే ఉన్న అకౌంట్లకి ఈ షెల్స్ ఏవీ వద్దు, లాగిన్ కానివ్వని నోలాగిన్ పెట్టండి.