పాత మోపెడ్, పనికిమాలిన కండెన్సర్

ఈ మోపెడ్‌ను ఇంట్లో విప్పి మళ్ళీ బిగించడానికి పెట్టిన ఖర్చంతటిలో అతి చవకైన సామాను కండెన్సర్, అంటే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ బలంగా పుట్టడానికి తోడ్పడే చిన్న కరెంటు భాగం. నన్ను ఎండలో ఎక్కువసార్లు నిలబెట్టిందీ అదే. పాత బండ్లు బాగు చేసుకున్నవాళ్ళ అనుభవాలు చాలా చదివాను. రంగు గురించి, క్రోమ్ గురించి, సీటు కవరు గురించి పేజీలకు పేజీలు రాస్తారు. ఇంజనుతో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం వెనక దాక్కున్న, బొటనవేలి కొసంత ఈ రేకు డబ్బా గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. కొన్ని వేసవులు నడిపాక నాకు చెప్పాలనిపిస్తున్నది దాని గురించే.

బండి ఏ కంపెనీదో రాయను. 1972లో పుణె నుంచి వచ్చిన లూనా, తిరుపతిలో తయారైన సువేగ, 1980లో హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50, వీటిలో ఏ పేరు రాసినా మిగతా రెండు పక్షాలూ తగువుకు వస్తాయి. పాయింట్లు (కరెంటును కలిపి తెంచే స్విచ్చు లాంటివి), కండెన్సర్ ఉన్న ఆ తరం పెడల్ మోపెడ్లన్నిటికీ నేను చెప్పేది వర్తిస్తుంది. నాది నాన్న కొన్న బండి, నల్లగొండ ఏపీ 24 నంబరు. కనగల్ వైపు బడికి ఆయన దాని మీదే వెళ్ళేవారు. సెలవు రోజుల్లో అదే బండి బత్తాయి బస్తాలు మోసేది. ఆయన రిటైరయ్యాక అది గొడ్ల కొట్టంలో గడ్డిమోపుల వెనక పడి ఉంది.

ఇంజను పని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణిగంజ్ ఓపికగా తిరిగితే రింగులు, బేరింగులు, సీళ్ళు దొరికాయి. దొరకని బుష్షులు మా బావమరిది తన లేత్ మీద తిప్పి ఇచ్చాడు. ట్యాంకులో కంకర, డీజిలు పోసి ఊపి తుప్పు రాల్చడం అందరికీ తెలిసిన చిట్కాయే. ఆ ఊపే పని పిల్లలు వంతులు వేసుకుని చేశారు.

మొదటి చలికాలం బండి మీద ఈగ వాలనివ్వలేదు. స్టాండు వేసి రెండు తొక్కులు తొక్కితే అంటుకునేది. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీదికీ, ఛాయా సోమేశ్వరాలయం దాకా తిప్పుతూ, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ దాని గొప్పలు చెప్పాను. మార్చి చివర్లో మొదలైంది అసలు సంగతి. పొద్దున ఏ లోపమూ ఉండదు. ఎండ ముదిరాక, కొంత దూరం నడిచాక, ఇంజను ఒకటి రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఎంత తొక్కినా లేవదు. చెట్టు నీడన పెట్టి టీ తాగి వస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇంటికి తెచ్చి మెకానిక్‌ను పిలిస్తే ఆయన ఎదుట బుద్ధిగా నడుస్తుంది.

నలుగురూ నాలుగు మాటలు చెప్పారు. ఎండకు పైపులో పెట్రోలు ఆవిరవుతోందని ఒకరు, ట్యాంకు మూత రంధ్రం పూడిందని ఇంకొకరు. మూత వదులు చేసి నడిపాను, ఆగింది. కార్బురేటర్ జెట్టు విప్పి ఊదించాను, ఆగింది. కొత్త ప్లగ్గు వేశాను, కొత్త ప్లగ్గుతో ఆగింది. ఈ కాలపు పెట్రోలే పాత బండ్లకు పడదని తేల్చేసినవారూ ఉన్నారు. ఏ రోగానికైనా పెట్రోలునే తిట్టడం ఇప్పుడొక అలవాటైపోయింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం తిప్పర్తి దాటాక మిర్యాలగూడ రోడ్డు మీద మళ్ళీ నిలబెట్టింది. కొత్త రకం మోపెడ్‌కు రెండు పక్కలా కల్లు లొట్లు కట్టుకుని వెళ్తున్న ఒక గీత కార్మికుడు ఆగాడు. వయసులో పెద్దాయన. “ఏమైంది బిడ్డా?” అంటూ దిగి, నా సంచిలోంచి పానా తీసుకుని ప్లగ్గు ఊడదీశాడు. దాన్ని ఇంజను హెడ్డుకు ఆనించి నన్ను తొక్కమన్నాడు. ప్లగ్గు కొస మీద సన్నగా, ఎర్రగా ఏదో మెరిసీ మెరవనట్టు మెరిసింది. “పెట్రోలును తిట్టకు బిడ్డా. వేడికి కరెంటు చస్తోంది, కండెన్సర్ చూసుకో” అన్నాడు. ఇలాంటి బండి మీదే ఏళ్ళ తరబడి తాటిచెట్ల వెంట తిరిగాడట. వెళ్తూ లోటాడు కల్లు పోస్తానన్నాడు. బండి తోలాలి కదా అని వద్దన్నాను.

అసలు ఆ డబ్బా చేసే పని ఏమిటంటే: ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు కాయిల్‌లో కరెంటు పుట్టిస్తాయి. ఇంజను తిరిగిన ప్రతి చుట్టుకూ పాయింట్లు ఒకసారి విడిపోయి ఆ కరెంటును తెంచుతాయి. ఆ తెగడం ఎంత గభాలున జరిగితే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ అంత బలంగా పుడుతుంది. కండెన్సర్ లేకపోతే కరెంటు తెగకుండా పాయింట్ల సందులోంచే దూకుతుంది. ప్లగ్గుకు బలం చాలదు, పాయింట్లూ మాడతాయి. కండెన్సర్ లోపల రేకు పొరల మధ్య ఉండే కాగితం పాతబడితే చల్లగా ఉన్నప్పుడు పనిచేస్తుంది, వేడెక్కగానే కరెంటును కారుస్తుంది. ఇంజను పక్కనే, ఫ్లైవీల్ కింద, గాలి ఆడని చోట దాన్ని కూర్చోబెట్టిన మహానుభావుడెవరో మే నెలలో మా జిల్లాకు వచ్చి ఉండడు.

ఇంటికి వచ్చి ఫ్లైవీల్ కిటికీలోంచి చూస్తే పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. ఒకదాని మీద గుంట, రెండోదాని మీద గుట్ట. పుల్లర్ పెట్టి ఫ్లైవీల్ లాగి కండెన్సర్ బయటికి తీశాను. మల్టీమీటర్ పెడితే దివ్యంగా ఉందంది. అప్పుడు మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చి దాని మీద వేడిగాలి కొట్టాను. వేడెక్కేకొద్దీ మీటరులో నిరోధం అంకె దిగుతూ పోయింది. గాలి ఆపి చల్లబడనిస్తే మళ్ళీ మంచివాడిలా పైకెక్కింది. ఇన్నాళ్ళూ రోడ్డు మీద నాకు చూపించిన నాటకమంతా బల్ల మీద మళ్ళీ ఆడింది.

నాకు ఒళ్ళు మండింది ఎందుకంటే, అది చవకబారు నకలు కాదు. సీలు విప్పని అసలు డబ్బాలో, ఆ కాలంలో తయారై అమ్ముడుపోకుండా మిగిలిన సరుకు. కొన్న దుకాణంలో దాన్ని నగలా చూపించారు, ధర కూడా అలాగే తీసుకున్నారు. పాత బండ్లవాళ్ళకు ఇలాంటి సరుకంటే పిచ్చి. లివర్లకో, బ్యాడ్జీలకో ఆ పిచ్చి సరే. కండెన్సర్‌కు మందుబిళ్ళలకు ఉన్నట్టు గడువు ఉంటుంది. డబ్బా విప్పకపోయినా లోపలి కాగితం ముసలిదవుతూనే ఉంటుంది. దాని బదులు వేసిన పేరులేని కొత్త నకలు ఇంకా అన్యాయం, చలికాలంలోనే మొండికేసింది.

చివరికి ఆ చోటునే మార్చేశాను. పాత అంబాసిడర్ కారు డిస్ట్రిబ్యూటర్‌లో వాడే రకం కండెన్సర్ తెచ్చాను. సామర్థ్యం దాదాపు సరిపోతుంది, పావు మైక్రోఫారడ్‌కు కాస్త అటూఇటూ. పాయింట్ల నుంచి తీగను రబ్బరు గొట్టంలోంచి బయటికి లాగి, దాన్ని ట్యాంకు కింద ఛాసిస్‌కు గాలి తగిలేచోట బిగించాను. పాయింట్లు కొత్తవి వేసి, సందు నా బండికి పడే 0.4 మిల్లీమీటర్లకు, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో సరిచేశాను. తర్వాతి వేసవిలో అదే తిప్పర్తి రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం తిప్పాను. ఆగలేదు. అసలు రూపం చెడగొట్టావని ఒక మిత్రుడు అంటాడు. ఆయన బండి ఇంటి ముందు చాలా అందంగా నిలబడి ఉంటుంది.

మొదటి చలికాలంలో నేను చెప్పుకున్న గొప్పల్లో కొన్నింటికి ఇప్పుడు చిన్న సవరణలు అవసరం. పౌడర్ కోటింగ్ రంగు ఈనాటికీ మెరుస్తోంది, కాకపోతే బోల్టు కింద ఆ పొరను గీకి ఇనుము తేల్చనిదే ఎర్త్ అందదు. కండెన్సర్ బిగించేటప్పుడు ఇది మరవకూడదు. పెట్రోలు అయిపోయినా పెడల్ ఉందిగా అనే ధైర్యం చదునుగా ఉన్న రోడ్డుకే, అదీ ఒక్కరికే. లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ ఉన్నా దిగి తోయడమే నయం. హెడ్‌లైటు ఇంజను వేగంతో పాటు పెరిగి తగ్గుతుంది, చీకటి పడ్డాక ఊరి బయటికి తీయను. పెట్రోలును వెనకేసుకొచ్చాను గానీ, 20 శాతం ఇథనాల్ కలిసినదానికి పాత రబ్బరు పైపు పగిలిన మాటా నిజమే. తట్టుకునే రకం పైపు వేశాను. ఇథనాల్ తేమ పీలుస్తుంది కనుక వానాకాలంలో వారాల తరబడి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేస్తాను.

బాగు చేసుకోవచ్చా అని అడిగేవారికి నా జవాబు సూటిగా ఉండదు. నాకు ఇంటి వెనక వరండా ఉంది, లేత్ ఉన్న బావమరిది ఉన్నాడు, ఆదివారాలు ఖాళీ. బండి నాన్నది కాబట్టి ఖర్చు లెక్క చూసుకోలేదు, చూసుకుంటే ఇంట్లో నిలవలేను. పదిహేనేళ్ళు దాటిన బండి కనుక ఆర్సీ అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించే తిప్పలూ ఉన్నాయి. ఇవన్నీ కుదిరితే తప్పకుండా చేసుకోండి, కండెన్సర్‌ను మాత్రం మొదటి రోజే బయటికి తీయండి. రోజూ మిర్యాలగూడ దాకా డ్యూటీకి వెళ్ళాల్సినవారికైతే వద్దనే అంటాను. ఆ రోడ్డుకు బస్సులు బాగానే ఉన్నాయి.