జాతీయ బాలల కమిషనా, జిల్లా బాలల సంక్షేమ సమితా: ఫిర్యాదు ఎక్కడ?

ఇటుక బట్టీలో పిల్లాడు పనిచేస్తూ కనిపిస్తే ఢిల్లీకి ఉత్తరం రాయకండి. ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లాణ్ణి బయటికి తెచ్చాక, ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లోపు జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. సమితిలో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులుంటారు. వాళ్లకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలుంటాయి కాబట్టి, పిల్లాడు ఆ రాత్రి ఎక్కడ ఉండాలో అక్కడే రాతపూర్వకంగా ఆదేశించగలరు.

ఆ ఆదేశం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ పని కాదు. 2005 చట్టం కింద 2007లో ఏర్పడిన ఈ సంస్థ విచారణ జరుపుతుంది, సివిల్ కోర్టులా సాక్షుల్ని, పత్రాల్ని రప్పిస్తుంది. చివరికి ప్రభుత్వానికి సిఫార్సు చేస్తుంది, లేదా హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్తుంది. అత్యవసర కేసు అక్కడికి పంపితే, నివేదిక కోరుతూ జిల్లాకే లేఖ వస్తుంది. ఈలోగా బట్టీ యజమాని కుటుంబాన్ని వేరే ఊరికి తరలించేస్తాడు.

అయితే అధికారులే పట్టించుకోనప్పుడు, విద్యాహక్కు చట్టం, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) అమలు గాడి తప్పినప్పుడు కమిషనే సరైన చోటు. ఈ రెండు చట్టాల అమలును గమనించే బాధ్యత దానిదే. ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు, రుసుము లేదు. తేదీలు, ఊరు, అంతకుముందు ఎవరికి ఫిర్యాదు చేశారో స్పష్టంగా రాయండి. పేరు లేనివీ, అస్పష్టమైనవీ కొట్టేస్తారు. అదే విషయం రాష్ట్ర కమిషన్ ముందు పెండింగులో ఉంటే జాతీయ కమిషన్ విచారించకూడదు. రెండుచోట్లా ఒకేసారి వేసేవాళ్లు ఇక్కడే నష్టపోతున్నారు.