ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్పెక్టర్: సొంతంగా సీఎస్‌ఎస్ నేర్చుకునేవాళ్లకు ఆ చిన్న 'ఐ' గుర్తు

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే పేజీ లోపలి కోడ్ చూపించే ఇన్‌స్పెక్టర్ లాంటి పనిముట్లు తెరుచుకుంటాయని ఏ వీడియో చూసినా తెలుస్తుంది. అందులో సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) లైన్లు కనిపించే రూల్స్ ప్యానెల్‌లో మసకబారిన లైన్ పక్కన కనిపించే గుండ్రటి 'ఐ' గుర్తు గురించి మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. 2019 అక్టోబరులో ఫైర్‌ఫాక్స్ 70తో వచ్చింది. అడగడానికి పక్కన ఎవరూ లేకుండా నేర్చుకునేవాళ్లకు ఇంత మేలు చేసే ఫీచర్ ఇంకోటి నాకు కనబడలేదు.

జావాస్క్రిప్ట్‌లో తప్పు జరిగితే కన్సోల్ (తప్పులు చూపించే ట్యాబ్) ఎర్రబడుతుంది. సీఎస్‌ఎస్‌కు ఆ అలవాటు లేదు. స్పాన్‌కు (వాక్యంలో ఓ ముక్కను చుట్టే ట్యాగ్) విడ్త్ 200 పిక్సెల్స్ అని రాస్తే ఉలుకూ పలుకూ ఉండదు. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంటుంది, సెమీకోలన్ ఉంటుంది, పని మాత్రం జరగదు. ఇన్‌స్పెక్టర్‌లో చూస్తే ఆ లైన్ బూడిద రంగులో ఉంటుంది. 'ఐ' మీద మౌస్ పెడితే, ఇది ఇన్‌లైన్ ఎలిమెంట్ (వాక్యంతోపాటే సాగే భాగం) కాబట్టి విడ్త్ చెల్లదని, డిస్‌ప్లేని బ్లాక్ గానీ ఇన్‌లైన్-బ్లాక్ గానీ చేసి చూడమని చెబుతుంది. పొజిషన్ ఇవ్వకుండా జడ్-ఇండెక్స్ (ఏది పైన కనబడాలో చెప్పే అంకె) 9999 కొట్టినా, ఫ్లెక్సో గ్రిడ్డో (లోపలివాటిని వరుసగా అమర్చే పద్ధతులు) కాని డివ్‌కు (పెట్టెలాంటి ట్యాగ్) అలైన్-ఐటమ్స్ రాసినా ఇంతే. రోగం, మందు ఒకేచోట.

మసక వేరు, కొట్టివేత వేరు. గీత కొట్టేసి ఉంటే ఇంకో రూల్ దాన్ని దాటేసిందని అర్థం. గీతతోపాటు పసుపు త్రికోణం కూడా ఉంటే స్పెల్లింగో విలువో తప్పు.

ఇక పొగడ్త కాస్త తగ్గించాలి. కొత్తవాళ్లను ఎక్కువగా ఏడిపించే చోట ఈ గుర్తు రానే రాదు. డివ్‌కు డిస్‌ప్లే ఫ్లెక్స్, జస్టిఫై-కంటెంట్ సెంటర్, అలైన్-ఐటమ్స్ సెంటర్ ఇచ్చారనుకోండి. బాక్స్ అడ్డంగా మధ్యకు వస్తుంది, నిలువుగా పైనే అతుక్కుని ఉంటుంది. రూల్ నిజానికి పనిచేస్తూనే ఉంది. డివ్ ఎత్తు లోపలి బాక్సంతే కావడంతో కదలడానికి జాగా లేదు. లేఅవుట్ ట్యాబ్‌లో బాక్స్ మోడల్ తెరిచి ఎత్తు చూస్తే సంగతి బయటపడుతుంది. హైట్ 100 శాతం అంటారా, పేరెంట్‌కు (దాన్ని చుట్టి ఉన్న ట్యాగ్) ఎత్తు ఇవ్వకపోతే అదీ దండగే. మిన్-హైట్ 100వీహెచ్ (స్క్రీన్ ఎత్తంత) పెట్టాలి. ఫోన్‌లో అడ్రస్ బార్ వల్ల పేజీ అడుగు కాస్త స్క్రీన్ కిందకు పోతే, దాని బదులు 100డీవీహెచ్.

జడ్-ఇండెక్స్‌ది కూడా సగం సాయమే. పేరెంట్‌కు ట్రాన్స్‌ఫామో (జరపడం, తిప్పడం లాంటివి), 1 కంటే తక్కువ ఒపాసిటీయో (పారదర్శకత) ఉంటే, లోపలిదానికి ఎన్ని తొమ్మిదులు పెట్టినా అది ఆ పేరెంట్ హద్దు దాటదు. ఇక్కడా 'ఐ' మౌనమే. తెలుగు పేజీలు చేసేవాళ్లకు ఇంకోటి: లైన్-హైట్ 1, ఓవర్‌ఫ్లో హిడెన్ కలిస్తే 'లక్ష్మి'లో ఒత్తు కింద తెగిపోతుంది. 1.6 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి.

ఇన్‌స్పెక్టర్‌లో చేసిన మార్పులు రీలోడ్‌తో ఎగిరిపోతాయి. అందుకే ముందు చేంజెస్ ట్యాబ్‌లో 'కాపీ ఆల్ చేంజెస్' నొక్కి ఫైల్‌లో అతికించుకోవాలి.

నా వాడకం చిన్న స్టాటిక్ సైట్ల వరకే. రియాక్ట్‌లో (పెద్ద సైట్లకు వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) మునిగినవాళ్లకు ఇది ఇంత గొప్పగా అనిపించకపోవచ్చు. క్రోమ్‌లోనూ తర్వాత ఇలాంటి సూచనలు వచ్చాయి కాబట్టి దానికి అలవాటుపడ్డవాళ్లు ఇందుకోసం బ్రౌజర్ మార్చక్కర్లేదు. ఫోన్‌లోనే కోడ్ రాసి నేర్చుకుంటున్నవాళ్లకు మాత్రం ఇది అక్కరకు రాదు, ఫైర్‌ఫాక్స్ మొబైల్ యాప్‌లో ఇన్‌స్పెక్టర్ లేదు.