నీలి లైను చివరిదాకా: స్టాక్‌హోమ్ శివారు స్టేషన్లలో బొమ్మల వేట

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లలో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. తెల్లటి గుహ కప్పు, దానిమీద అల్లుకున్న నీలిరంగు తీగలు, కింద హడావిడిగా పోతున్న జనం. అది టీ-సెంట్రాలెన్, ఊరి నడిబొడ్డున ఉన్న మెట్రో స్టేషన్. చాలామంది అక్కడ ఫొటో దిగి, పైకెక్కి, పాత ఊరి వీధులు చూడ్డానికి వెళ్లిపోతారు. నా మాట వింటే అలా పైకెక్కకండి. అదే ప్లాట్‌ఫారం మీద ఆగి, నీలి లైనులో అకల్లా వైపు పోయే 11వ నంబరు రైలెక్కండి. చూడాల్సిన బొమ్మలు ఎక్కువగా ఆ దారిలోనే, జనం రోజూ డ్యూటీలకి ఎక్కి దిగే శివారు స్టేషన్లలో ఉన్నాయి.

మనవాళ్లకి ఈ లైను కొత్తేమీ కాదు. టెలికాం కంపెనీ ఎరిక్సన్ ప్రధాన కార్యాలయం ఈ లైనులోని కిస్టాలో ఉంది. ఐటీ ఉద్యోగాల మీద వచ్చిన తెలుగువాళ్లు చాలామంది కిస్టా, అకల్లా, సోల్నా, సుండ్‌బీబెర్గ్ చుట్టుపక్కలే ఇళ్లు తీసుకుంటారు. మా తమ్ముడి కాపురం కూడా అటువైపే. నేను స్టేషన్లు చూడ్డానికి బయల్దేరుతుంటే మా మరదలు నవ్వింది. "రోజూ ఆ దారే కదా వదినా, తలెత్తి చూసి ఎన్నాళ్లయిందో! ఎక్కగానే ఫోన్ తీస్తాం, దిగేటప్పుడు జేబులో పెడతాం." ఆ మాటలో తప్పేం లేదు. ఈ బొమ్మలు టిక్కెట్టు కొనుక్కుని చూసే మ్యూజియం కోసం వేసినవి కావు. పని నుంచి అలసిపోయి వచ్చేవాడి పక్కన ఉండాలని వేసినవి. కొన్నిచోట్ల అది కుదిరింది, కొన్నిచోట్ల అంతగా కుదరలేదు. నాకు ఎలా అనిపించిందో రాస్తున్నాను.

ముందు కాస్త పూర్వరంగం. ఇక్కడి మెట్రోలో 100 స్టేషన్లున్నాయి, 90కి పైగా స్టేషన్లలో ఏదో ఒక కళాకృతి ఉంటుంది. కళ అంటే డబ్బున్నవాళ్ల ఇళ్లలోనే ఎందుకు ఉండాలి, జనం తిరిగే చోటికి రావాలి అని 1950లలో వేరా నిల్సన్, సీరి డెర్కెట్ అనే ఇద్దరు మహిళా చిత్రకారులు పట్టుబట్టారు. 1957లో టీ-సెంట్రాలెన్ పాత ప్లాట్‌ఫారాలతో అది మొదలైంది. 1975లో తెరిచిన నీలి లైను దగ్గరికొచ్చేసరికి పద్ధతి మారింది. రాతిని పేల్చి సొరంగం తొలిచాక గోడల్ని నున్నగా కట్టలేదు. రాయి ఎగుడుదిగుళ్లు ఎలా ఉంటే అలాగే ఉంచి, పైన పలచగా కాంక్రీటు చల్లి వదిలేశారు. ఆ గరుకు గుహల మీదే చిత్రకారులు రంగులు వేశారు. అందుకే ఇక్కడ గోడకి తగిలించిన బొమ్మను చూస్తున్నట్టుండదు, బొమ్మ లోపలికే దిగినట్టుంటుంది.

టీ-సెంట్రాలెన్‌లోని నీలి బొమ్మలు పేర్ ఓలోఫ్ ఉల్ట్‌వెద్ట్ వేశారు. అన్ని లైన్లూ కలిసే చోటు కాబట్టి ఎప్పుడూ తొక్కిసలాటే. ఆ గందరగోళంలో మనసుకి కాస్త నెమ్మది కలగాలని ఆయన నీలం ఎంచుకున్నారు. అందరూ తీగల్నే ఫొటో తీస్తారుగానీ, ఒకవైపు కప్పుమీద మనుషుల నీడబొమ్మలున్నాయి చూడండి. ఆ స్టేషన్ కట్టిన కూలీలు, వెల్డర్లు, వడ్రంగులు వాళ్లు. కట్టినవాళ్ల రూపాన్ని కట్టడం నెత్తిమీదే గీయడం నాకు బాగా నచ్చింది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ మాత్రం వెళ్లకండి, ఒకచోట నిలబడి పైకి చూసే వీలుండదు. పొద్దున పదిన్నర తర్వాత అయితే హాయిగా ఉంటుంది.

అక్కణ్నుంచి ఐదో స్టేషన్ సోల్నా సెంట్రుమ్. దానికి ముందు వచ్చే వెస్ట్రా స్కూగెన్‌లో 66 మీటర్ల పొడవున్న ఎస్కలేటరు ఉంది. పిల్లలుంటే ఆ సరదా తీర్చండి. అదయ్యాక సోల్నాలో దిగి తీరిగ్గా నిలబడండి.

కప్పంతా నిప్పులాంటి ఎరుపు. కింద గోడల పొడవునా ఆకుపచ్చటి స్ప్రూస్ చెట్ల అడవి, రెండువైపులా కలిపి దాదాపు కిలోమీటరు. కార్ల్-ఊలోవ్ బ్యోర్క్, ఆండెర్స్ ఓబెర్గ్ కలిసి 1975లో వేశారు. మొదట అడవి, పొద్దుగూకే ఆకాశం, అంతే వేద్దామనుకున్నారట. అది ఒట్టిగా ఉందనిపించి చిన్న చిన్న దృశ్యాలు కలుపుతూ పోయారు. దూరం నుంచి చూసినవాళ్లకి ఎరుపే తప్ప ఇంకేమీ కనపడదు, దగ్గరికెళితేనే కథ తెలుస్తుంది. ఒకచోట రంపంతో చెట్లు కొట్టేస్తున్న మనిషి. ఒకచోట ఒంటరిగా అకార్డియన్ వాయించుకుంటున్నవాడు. గాజుపెట్టెలో ఒక మూస్ (పెద్ద దుప్పి లాంటి అడవి జంతువు) బొమ్మ. పల్లెలు ఖాళీ అవుతున్నాయి, అడవులు నరికేస్తున్నారు, నీళ్లు పాడవుతున్నాయి అని 1970లలో ఆ దేశంలో నడిచిన గొడవంతా గోడమీదికి ఎక్కించారు. ఊళ్లు వదిలి పట్నానికి వచ్చినవాళ్లే రోజూ ఆ గోడ ముందు రైలు దిగుతున్నారు. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో బయల్దేరి హైదరాబాద్‌లో దిగినవాళ్లకి ఈ గోడ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట. అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాను. ఆ ఎరుపు కింద ఎస్కలేటరు ఎక్కుతుంటే ఊపిరాడనట్టుంటుంది. శీతాకాలంలో మధ్యాహ్నం మూడు కాకుండానే చీకటిపడే ఊళ్లో, తెల్లారీ తెల్లారకముందే దీని కింద నుంచి ఆఫీసుకి పోయేవాళ్లకి రోజూ ఎలా ఉంటుందో! చూడ్డానికి మాత్రం లైను మొత్తంలో ఇదే గొప్పది. అనుమానం లేదు.

తర్వాతది నెక్‌రూసెన్. కప్పుమీద కలువపూలు. పైన రోసుండాలో ఒకప్పుడు స్వీడన్ సినిమాలు తీసిన స్టూడియో ఉండేది కాబట్టి ఆ జ్ఞాపకాలూ ఉన్నాయి. సినిమా పిచ్చి ఉన్నవాళ్లు దిగొచ్చు, మిగతావాళ్లు కిటికీలోంచి చూసినా చాలు.

హలోన్‌బెర్గెన్‌లో మాత్రం దిగకుండా పోవద్దు. తెల్లటి గుహ నిండా చిన్నపిల్లల గీతలు. ఎలిస్ ఎరిక్సన్, యోస్టా వాల్‌మార్క్ తమ చిన్నప్పటి బొమ్మల్ని, తమ పిల్లలు గీసిన బొమ్మల్ని పెద్దవి చేసి గోడలకెక్కించారు. పొడుగు కాళ్ల మనుషులు, వంకర ఇళ్లు, పేరు పెట్టలేని జంతువులు. మన ఇళ్లల్లో కొత్తగా సున్నం వేయించిన గోడమీద పిల్లలు క్రేయాన్లతో గీస్తే ఒక దెబ్బ వేసి కడిగించేస్తాం కదా, ఆ గీతలే ఇక్కడ ఏభై ఏళ్లుగా భద్రంగా ఉన్నాయి. పైగా ఇది ఏ టూరిస్టూ దిగని స్టేషన్. రోజూ ఎక్కి దిగాల్సి వస్తే నేను ఎంచుకునేది సోల్నా కాదు, ఇదే.

హలోన్‌బెర్గెన్ దాటాక రైలు నేలమీదికొస్తుంది. ఇక్కడ కిటికీ పక్కన కూర్చోండి. కిస్టా రాకముందు చెట్ల మధ్య, సగం కట్టి వదిలేసిన కాంక్రీటు ప్లాట్‌ఫారం ఒకటి కనిపించి మాయమవుతుంది. అది కిమ్లింగె. చుట్టుపక్కల కట్టాలనుకున్న ఊరు రాకపోవడంతో ఆ స్టేషన్ తెరవనేలేదు. వెండిరంగు దెయ్యం రైలొకటి తిరుగుతుందని, కిమ్లింగెలో చచ్చినవాళ్లే దిగుతారని ఇక్కడి కుర్రాళ్లు చెప్పుకుంటారు. మా మేనల్లుడికి ఈ లైనులో నచ్చిన స్టేషన్ ఏదంటే, ఎవరూ దిగని అదొక్కటే.

వెస్ట్రా స్కూగెన్ దాకా వెనక్కొచ్చి, హ్యూల్‌స్టా వైపు పోయే 10వ నంబరు రైలు పట్టుకోండి. రిస్నెలో గోడ పొడవునా క్రీస్తుపూర్వం 3000 నుంచి 1985 దాకా ప్రపంచ చరిత్ర రాసిపెట్టారు, మధ్యమధ్య పటాలు. 1985 ఎందుకంటే స్టేషన్ తెరిచింది ఆ ఏడే. చదువుతూ నిలబడితే రెండు రైళ్లు పోతాయి. రింకెబీలో ఎర్రమట్టి రంగు గోడల మీద బంగారు మొజాయిక్. ఆ నేలలో దొరికిన వైకింగుల కాలం నాటి చిన్న వస్తువుల్ని పెద్దవి చేసి వేశారు.

టెన్‌స్టా గురించి ఇంకాస్త చెప్పాలి. హెల్గా హెన్షెన్ దీన్ని ఈ శివారుకి వచ్చిన వలసవాళ్లకి అంకితమిచ్చారు. వలస వచ్చినవాళ్లకి ఒక గులాబీ అన్నది ఆమె ఉద్దేశం. తెల్లటి గోడల మీద పూలు, ఆకులు, జంతువులు. మనుషులంతా తోబుట్టువులే అనే మాట ఎన్నో భాషల్లో. మొదట చూసినప్పుడు కాస్త అమాయకంగా ఉందే అనుకున్నాను. సొంత భాషలో చిన్న పలకరింపు కనిపించక ఏళ్లు గడిచినవాళ్లు ఆ గోడ ముందు రైలు కోసం ఎదురుచూస్తుంటారని తట్టాక ఆ అమాయకత్వం మీద గౌరవం కలిగింది. సోల్నా గోడ ఆ దేశం తన గురించి తాను పడ్డ దిగులు, టెన్‌స్టా గోడ ఎదుటివాళ్లకి పెట్టిన దండం.

భద్రత సంగతి. రింకెబీ, టెన్‌స్టా ప్రాంతం, నేరాల దృష్ట్యా కనిపెట్టి ఉండాల్సిన ప్రాంతాలంటూ స్వీడన్ పోలీసులు ప్రకటించిన జాబితాలో ఉంది. పట్టపగలు ప్లాట్‌ఫారాల మీద మాకు ఏ ఇబ్బందీ ఎదురుకాలేదు. రింకెబీ కూడలిలో సోమాలీ, అరబ్ దుకాణాల్లో కూరగాయలు కూడా కొన్నాం. బాగా చీకటిపడ్డాక మాత్రం అక్కడ కాలక్షేపానికి తిరగాల్సిన పనిలేదు.

మెట్రో కాకుండా శివారు రైళ్లు వేరే ఉన్నాయి, పెండెల్‌టోగ్ అంటారు. మన ఎంఎంటీఎస్ లాంటివే, కాకపోతే ఊరి మధ్యలో భూగర్భంలోంచి పోతాయి. 2017 జులై 10న తెరిచిన ఊడెన్‌ప్లాన్ స్టేషన్లో డేవిడ్ స్వెన్సన్ చేసిన దీపాల గీత వేలాడుతుంది, మొత్తం 400 మీటర్ల ఎల్ఈడీ. తన కొడుకు పుట్టేటప్పుడు ఆసుపత్రి యంత్రం గీసిన గుండెచప్పుడు గ్రాఫే ఆ గీతకి మూలం. ఆ సంగతి తెలియకపోతే అదొక డిజైన్ లైటింగ్, అంతే. తెలిసి చూస్తే ఆ మెలికల కింద నుంచి కదలబుద్ధి కాదు. కొత్త కట్టడం కాబట్టి శుభ్రంగా, విశాలంగా ఉంది, ప్లాట్‌ఫారం అంచున పట్టాలకి అడ్డుగా గాజు తలుపులున్నాయి. గుహల వెచ్చదనం మాత్రం లేదు.

నీలి లైను ఇటు చివర కుంగ్స్‌ట్రెడ్‌గోర్డెన్‌ని అందరూ తెగ పొగుడుతారు. ఎప్పుడో కాలిపోయిన పాత ప్యాలెస్ శిల్పాలు, నీళ్లు ఊరే రాతిగోడలు, బాగానే ఉంది. కానీ నాకు సినిమా సెట్టు చూసినట్టనిపించింది. టైముంటే వెళ్లండి.

ఖర్చుల విషయానికొస్తే, ఒకసారి టిక్కెట్టు 75 నిమిషాలు చెల్లుతుంది, 2025లో దాని ధర 43 క్రోనర్లు (స్వీడన్ కరెన్సీ). ఈలోపు ఎన్నిసార్లైనా ఎక్కి దిగొచ్చు. రద్దీ లేనప్పుడు ఈ లైన్లలో పదేసి నిమిషాలకో రైలుంటుంది, ఒక స్టేషన్ చూడ్డానికి సరిగ్గా సరిపోతుంది. గేటు దాటి బయటికి రానక్కర్లేదు. మన బ్యాంకు కాంటాక్ట్‌లెస్ కార్డే గేటుకి ఆనిస్తే చాలు. రెండు లైన్లూ తీరిగ్గా చూడాలంటే 24 గంటల పాసు మేలు. 65 దాటిన పెద్దవాళ్లకి రాయితీ ఉంది, ఊరి నుంచి అమ్మానాన్నల్ని తీసుకొస్తే మరిచిపోకండి, వయసు చూపించే కాగితం దగ్గరుంచుకోండి. వేసవిలో మెట్రో సంస్థే ఇంగ్లీషులో గైడుతో చూపిస్తుంది, టిక్కెట్టుంటే వేరే రుసుము లేదు. లిఫ్టులు ఉన్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లకి ఇబ్బంది లేదు. మరుగుదొడ్లే పెద్ద లోటు. ఉన్నచోట కార్డు గీకి డబ్బు కట్టాలి, చాలా స్టేషన్లలో అదీ లేదు. ఇంట్లోనో హోటల్లోనో పని కానిచ్చుకునే బయల్దేరండి.

బసకి సెంట్రల్ స్టేషన్ దగ్గర వెతకొద్దు. ధర ఎక్కువ, చవగ్గా దొరికే గదుల్లో కొన్నిటికి కిటికీయే ఉండదు. కిస్టా, సోల్నాల్లో ఉన్నవి ఆఫీసు పనులమీద వచ్చేవాళ్ల హోటళ్లు. శని ఆదివారాల్లో, జులై సెలవుల్లో ఖాళీగా ఉండి ధర దిగుతుంది, పొద్దుటి టిఫిను సాధారణంగా గది అద్దెలోనే కలిసి ఉంటుంది. హాస్టళ్లయితే దుప్పటికి, తువ్వాలుకి విడిగా తీసుకుంటారు, మనవి మనం పట్టుకెళితే ఆ ఖర్చు తప్పుతుంది. శాకాహారులకి కిస్టా గాలెరియా మాల్లో ఏదో ఒకటి దొరుకుతుంది.

ఆర్లాండా విమానాశ్రయం నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు 18 నిమిషాల్లో ఊళ్లో దింపుతుంది, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. అక్కడే పెండెల్‌టోగ్ ఎక్కితే మామూలు టిక్కెట్టు మీద విమానాశ్రయ స్టేషన్ రుసుము అదనంగా పడుతుంది. సామాను తక్కువైతే 583 నంబరు బస్సులో మెర్‌స్టా వెళ్లి, అక్కడ పెండెల్‌టోగ్ ఎక్కండి, ఆ రుసుము ఉండదు. కిస్టాలో దిగేవాళ్లు హెలెనెలుండ్‌లో దిగి బస్సు పట్టుకోవచ్చు, ఊరంతా తిరిగి రానక్కర్లేదు.